గోళ్లరంగు చుక్క

పొద్దున షెడ్డు తలుపు తీయగానే నేను చేసే మొదటి పని విమానంలోకి వంగి ముల్లును సున్నాకు తేవడం.

మా బావ, అంటే అక్క భర్త, పొలాల మీద పురుగుమందు చల్లే విమానం నడుపుతాడు. ఒక్క సీటు, ఒక్క ఇంజను, పసుపు రంగు. నేను దాని మెకానిక్కుని. ఎత్తు చూపే మీటరు పక్కన చిన్న మర ఒకటి ఉంటుంది. అది తిప్పితే ముల్లు కదులుతుంది. నేల మీద ఉన్నప్పుడు ముల్లు సున్నా చూపిస్తే, లేచాక అది చూపేదంతా మా నేల నుంచి ఎత్తు. మందు చల్లేటప్పుడు బావకు కళ్లే మీటరు. మలుపు తిరిగేటప్పుడు మాత్రం కరెంటు తీగలకు ఎంత పైన ఉన్నాడో చూసుకోవడానికి ముల్లు మీద ఒక చూపు వేస్తాడు. కూడికలు తీసివేతలు చేసుకునే తీరిక అక్కడ ఉండదు. అందుకే సున్నా.

ఇంజను అదురుకు ఆ మర జారిపోయేది. కొన్నాళ్లు దానితో వేగి, చివరికి అక్క అద్దం ముందున్న గోళ్లరంగు సీసా ఎత్తుకొచ్చాను. ముల్లును సున్నాకు తెచ్చి, మర అంచు మీద ఒక ఎర్రచుక్క పెడతాను. ఆరిందంటే ఇక కదలదు. సాయంత్రం చాకుమొనతో గీకేస్తాను. మర్నాటికి గాలి ఒత్తిడి మారుతుంది కాబట్టి మళ్లీ తిప్పాలి, మళ్లీ చుక్క. పదకొండేళ్లుగా ఇదే వరస. ఎన్ని సీసాలు అయ్యాయో అక్కకే తెలియాలి.

"నా గోళ్లకన్నా దాని గోళ్లకే ఎక్కువ రంగు పడుతోంది," అనేది. "ఆడపిల్ల లేని ముచ్చట బావా బావమరిదీ కలిసి ఆ విమానంతో తీర్చుకుంటున్నారు."

ఆ రోజు మందు చల్లే పని లేదు. ఏడాదికోసారి ఇంజను విప్పి చూసి, బాగుందని ముద్ర వేయాలి. ముద్ర వేసే పెద్దాయన ఎప్పుడూ మా షెడ్డుకే వచ్చేవాడు. ఆయన పని చాలించుకున్నాడు. ఆయన తర్వాతివాళ్లు రామన్నారు, విమానాన్నే తెమ్మన్నారు. వాళ్ల వర్క్‌షాపు పెద్ద విమానాశ్రయానికి అవతలి వైపు ఉంది. ఆ విమానాన్ని అంత ఎత్తున, అంత దూరం తీసుకుపోవడం బావకు అదే మొదలు.

అది నాకూ తెలుసు. అయినా చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. ముల్లు సున్నా మీద నిలబడింది. మర అంచున ఎర్రచుక్క ఆరింది.

బావ చేతితొడుగులు వేసుకుంటూ వచ్చాడు.

"ఏరా, పెళ్లికూతురు తయారేనా?"

"తయారే. కుడి చక్రంలో గాలి కాస్త తక్కువుంది, చూసి దించు."

"నీ బుర్రలో ఉన్నదానికన్నా ఎక్కువే ఉంటుందిలే."

లేచిపోయాడు. నేను మందు చిమ్మే గొట్టాల మూతులు కిరసనాయిలు గిన్నెలో వేసుకుని, షెడ్డులో పాత రేడియో పెట్టుకుని కూర్చున్నాను. బావ ఎప్పుడు పైన ఉన్నా ఆ రేడియో మోగుతూనే ఉంటుంది. అందులో బావ గొంతు, పెద్ద విమానాశ్రయం టవరులో కూర్చునే అమ్మాయి గొంతు వినిపిస్తాయి. మూడేళ్లుగా రోజూ మాట్లాడుకుంటారు కానీ ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. లేచాను అని బావ చెబుతాడు, సరే అని ఆమె అంటుంది. దిగాను అంటాడు, మంచిది అంటుంది. పొలాల మీద చెట్టంత ఎత్తులో తిరిగేవాణ్ణి ఎత్తెంత అని అడిగే అవసరం ఆమెకు ఏనాడూ రాలేదు. బావ ఆమెను టవరమ్మ అంటాడు. ఆమె మా విమానానికి మిడత అని పేరు పెట్టింది.

"టవరమ్మా, మిడత లేచింది. ఇవాళ పంటల మీదికి కాదు, మీ ఇంటి ముందు నుంచి అవతలికి."

"రండి మిడతగారూ. గాలి అంకె పది పదమూడు. పదిహేను వందల అడుగుల్లో రండి. మీ పైన రెండున్నర వేల అడుగుల్లో ప్రయాణికుల విమానం ఒకటి వస్తుంది."

గాలి అంకె, అంటే ఆ పూట గాలి ఒత్తిడి, రోజురోజుకూ మారుతుంది. టవరు చెప్పిన అంకెను ప్రతి విమానమూ మర తిప్పి తన మీటరులో పెట్టుకోవాలి. అప్పుడే అందరి ముళ్లూ సముద్రమట్టం నుంచి ఒకే కొలత చూపిస్తాయి. ఆ చెప్పిన అంకెను, ఎత్తును తిరిగి అప్పజెప్పాలని కూడా నియమం.

"పది పదమూడు..." అని బావ మొదలుపెట్టాడు. అదే క్షణాన ఇంకెవరో తమ రేడియో బటన్ నొక్కారు. ఇద్దరు ఒక్కసారే నొక్కితే రేడియోలో మాటలు పోయి కీచుమని చప్పుడే మిగులుతుంది. బావ మిగతా మాట ఆ కీచులో కలిసిపోయింది. ఆమె మళ్లీ అడగలేదు.

ఆరేడు నిమిషాలు గడిచాయి. నేను నాలుగో మూతి తుడుస్తున్నాను.

రేడియోలో ఎప్పుడూ వినని మగగొంతు వచ్చింది. 

"టవర్, మా కింద నుంచి పసుపు విమానం ఒకటి అడ్డంగా పోయింది. వంద అడుగులు కూడా లేదు. పైకి లాగేశాను. లోపల ఎవరికో దెబ్బ తగిలింది."

 కిరసనాయిలు బొట్లు గిన్నెలో పడడం వినిపించింది.

"మిడతా," అంది ఆమె. "మిడతా, పలకండి." ఇంకోసారి పిలిచింది. మూడోసారి కూడా పిలిచింది.

"ఉన్నాను," అన్నాడు బావ. "ఇంటికి పోతున్నాను."

ఆ తర్వాత టవరులో వేరే గొంతు వచ్చింది. ఆమె గొంతు మళ్లీ రాలేదు.

బావ దిగిన తీరు చూస్తేనే తెలిసింది. ఈకలా వాలే మనిషి, ఆ రోజు మూడుసార్లు ఎగిరెగిరి పడ్డాడు. ఇంజను ఆపాక కూడా సీట్లోంచి కదల్లేదు. నేనే రెక్కెక్కి పట్టీలు విప్పాను. చేతితొడుగులు ఊడదీయబోతే వేళ్లు విచ్చుకోలేదు.

"ఆ పెద్దదాని పొట్ట కింద నూనె చార ఉందిరా," అన్నాడు. "ఇంత పొడుగు. చూశాను. ఆ గాలికి ఎండుటాకులా తిప్పేసింది."

"ఎంత ఎత్తులో ఉన్నావు?"

"పదిహేను వందలు. ఆ పిల్ల చెప్పింది, నేను పట్టాను. ముల్లు వెంట్రుకవాసి కదల్లేదు. పైవాడే నా నెత్తి మీదికి దిగాడు."

బావ ఇంటివైపు నడిచాడు. మా ఇల్లు షెడ్డుకు యాభై గజాలు. నేల మీద నడిచేటప్పుడు బావ నడక ఎప్పుడూ పడవ దిగినవాడి నడకలాగే ఉంటుంది. ఆ రోజు మరీ తూలాడు.

నేను విమానంలోకి వంగాను. ముల్లు సున్నా మీద ఉంది. మర అంచున ఎర్రచుక్క చెక్కుచెదరకుండా ఉంది.

మా షెడ్డు గోడ మీద ఎప్పుడో సర్వేవాళ్లు తెల్లరంగుతో రాసిపోయిన అంకె ఒకటుంది. తొమ్మిది వందలు. మా మెట్టనేల సముద్రమట్టం కన్నా అన్ని అడుగులు ఎత్తు. ఆ అంకె కింద నా చొక్కా తగిలించుకునే మేకు ఉంది. రోజూ చూసేదే.

తొమ్మిది వందలకు పదిహేను వందలు కలిపితే రెండువేల నాలుగు వందలు. పై విమానం రెండున్నర వేలు. బడిలో మూడో తరగతి లెక్క. పైవాడు దిగలేదు. ముల్లు పదిహేను వందలు చూపిస్తుంటే బావే అంతెత్తున ఉన్నాడు. అలా చూపించింది నా చుక్క.

ఆ చుక్క వైపు చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. చాకు జేబులోనే ఉంది.

ఇంట్లోకి వెళ్లేసరికి అక్క ఫోను పట్టుకుని నిలబడి ఉంది. అవతల మాట్లాడేది విచారణాధికారి. "ఊఁ", "అలాగేనండి", "ముట్టుకోమండి" అంటోంది. ఫోను పెట్టేసి కొంగుతో చెవి తుడుచుకుంది.

"నాలుగింటికి వస్తారట. విమానాన్ని ఎవరూ ముట్టుకోకూడదట. ఆ పెద్ద విమానంలో నూట అరవై రెండు మంది ఉన్నారట. టీ బండి పడి, లోపల పనిచేసే అమ్మాయికి మణికట్టు విరిగిందట." ఊపిరి తీసుకుంది. "టవరు పిల్లను కుర్చీలోంచి లేపేశారట."

బావ తలెత్తాడు. "ఆమెనెందుకు?"

"టేపులో మీ జవాబు లేదట. కీచుమనే చప్పుడే ఉందట. జవాబు రాకపోతే మళ్లీ అడగాలట, ఆ పిల్ల అడగలేదట. ఎత్తు చెప్పింది మీకు వినపడిందా లేదా, అంతా దాని మీదే ఉందన్నాడు. వినపడకపోతే తప్పు మీది కాదట."

వినపడింది. ఆ సంగతి ఆ గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు.

అన్నాలు పెట్టింది. నేను కంచం ముందు కూర్చుని చెప్పాను. ఎక్కువ మాటలు పట్టలేదు. చుక్క, తొమ్మిది వందలు, పదిహేను వందలు.

బావ ముద్ద కంచంలోనే వదిలేశాడు.

"అంటే నన్ను చంపబోయింది నువ్వన్నమాట."

"నేనే."

"అంత తేలిగ్గా ఒప్పేసుకుంటే నేను తిట్టేదేముందిరా, వెధవా." కాసేపు చెయ్యి చూసుకున్నాడు. "అంకె చదివాను. పది పదమూడు అని నా నోటితోనే అన్నాను. మర ముట్టుకోలేదు. పదకొండేళ్లుగా దాని మీద చెయ్యి వేయలేదు కదా. అది నీ పని అన్నట్టే ఉండిపోయింది బుర్రలో."

అక్క మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. చిన్నప్పుడు నేను గాజు పగలగొట్టినప్పుడు కూడా ఇలాగే చూసేది. ఎక్కడ అతికించాలా అని.

"సరే, అయిందేదో అయింది. ఎవరూ పోలేదు. ఇప్పుడు వినండి," అంది. "నాలుగింటికి ఇంకా చాలా పొద్దుంది. రంగు నాదే, రంగు తీసే మందూ నా దగ్గరే ఉంది. దూదితో ఒక్కసారి తుడిస్తే మరక కూడా ఉండదు. వీడు ఆ మరను ఎంతకు తిప్పాలో అంతకు తిప్పేస్తాడు. మీరు వినపడలేదనండి. ఒక్క మాట."

"అబద్ధం కదే," అన్నాడు బావ.

"మీ నోట్లోంచి వచ్చేవన్నీ సత్యాలేనా? నిన్నగాక మొన్న, అప్పడాలు ఎవరు తిన్నారంటే ఎలుక అన్నారు." ఆమె గొంతు అంతలోనే మారింది. "యాభై ఎనిమిదేళ్లు మీకు. ఈ వయసులో లైసెన్సు లాక్కుంటే మళ్లీ ఇస్తారా? కిందికి దిగితే ఇంట్లో గడప కూడా తన్నుకునే మనిషి. పైన లేకపోతే మీరేం చేస్తారు? నన్ను చూస్తూ కూర్చుంటారా?"



"మరి ఆ పిల్ల?" అన్నాను.

"చిన్నది. ఇంకో కుర్చీ దొరుకుతుంది."

"నూట అరవైమందిని గుద్దించబోయిందన్న పేరు పెట్టాక ఇంకో కుర్చీ ఎవరిస్తారక్కా?"

"నువ్వు నోరు మూసుకో. ఏడాదికి నాలుగు మాటలు మాట్లాడతావు, అందులో మూడు నా కొంప ముంచేవే."

ఫోను మోగింది. బావకు దగ్గర్లో ఉంది, ఆయనే తీశాడు. ఆ ఫోను పాతది. అవతలివాళ్ల గొంతు గదంతా వినిపిస్తుంది.

"మిడతగారు దిగారా అండీ?"

రేడియోలో విన్న గొంతే, కాకపోతే చప్పుడు లేకుండా. వెనకాల ఎక్కడో రోడ్డు మీద బళ్ల మోత.

"దిగాను," అన్నాడు బావ.

"నాకెవరూ చెప్పలేదండీ. మీతో మాట్లాడకూడదన్నారు. బయట కొట్లోంచి చేస్తున్నాను. దిగారో లేదో తెలుసుకుందామని, అంతే. మిమ్మల్ని ఇంకేం అడగను." లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. "మీ జవాబు నాకు సరిగా వినపడలేదు. మళ్లీ అడగాల్సింది. మీరు కదా అని ఊరుకున్నాను. అది నా తప్పే. అలాగే రాసిచ్చాను. ఉంటానండీ."

బావ ఫోను చెవి దగ్గరే పట్టుకుని కూర్చున్నాడు, అవతల పెట్టేశాక కూడా. అక్క కంచాలు తీయడం మొదలుపెట్టింది. కంచం మీద కంచం పెట్టేటప్పుడు ఎప్పుడూ చేసేంత చప్పుడు చేయలేదు.

నేను చెయ్యి కడుక్కుని షెడ్డుకు వెళ్లాను. రెక్క మీదికెక్కి విమానం సీట్లో కూర్చున్నాను.

ముట్టుకోవద్దని చెప్పిన విమానంలో కూర్చోవడం కూడా తప్పేనేమో. కానీ అక్కను నేను ఎరుగుదును. తలుపుకు తాళం వేస్తే తాళం చెవి ఎక్కడుందో నాకన్నా ఆమెకే బాగా తెలుసు. నేను ఉండాల్సింది అక్కడే అనిపించింది. రేకుల కప్పు కింద ఎండ మండిపోతోంది. మందు వాసన, వేడెక్కిన తోలు వాసన. చెమట కళ్లలోకి దిగుతుంటే మోచేత్తో తుడుచుకున్నాను. చేతులు ఒళ్లోనే పెట్టుకున్నాను. ముల్లు సున్నా మీదే ఉంది.

మూడు కావస్తుండగా చెప్పుల చప్పుడు వినిపించింది. అక్క. ఒక చేతిలో దూది, ఇంకో చేతిలో రంగు తీసే మందు సీసా.

"దిగు."

"దిగను."

"నేను పెద్దదాన్ని. నిన్ను చంకనేసుకుని మోసినదాన్ని. దిగమంటున్నాను."

"మోశావు. దిగను."

"మొండి ఘటం. ఎవరి పోలికో." నా పనిముట్ల పెట్టె ఈడ్చుకొచ్చి దాని మీద నిలబడింది. అయినా అందలేదు, అంచు పట్టుకుని ముందుకు వంగింది. "నీ కార్డు కూడా పోతుంది, తెలుసా? మెకానిక్కు అన్న పేరు పోతే నువ్వేంటి? కిరసనాయిలు వాసన కొట్టే ముసలాడివి."

"తెలుసు."

"ఆ పిల్ల మనకేమవుతుంది?"

"ఏమీ అవదు."

"మరి?"

 "ఎత్తు సరిగ్గానే చెప్పింది," అన్నాను.

అక్క దూది తడిపి చెయ్యి చాచింది. నేను మర మీద అరచెయ్యి కప్పాను. దూదిలోంచి మందు నా చేతి మీద కారింది. చల్లగా తగిలి, అంతలోనే ఆరిపోయింది. ఆమె నా వేళ్లు ఒక్కొక్కటే లాగడం మొదలుపెట్టింది. చిటికెన వేలు లేచింది. ఉంగరం వేలు లేచింది. మిగతావి లేవలేదు. యాభై నాలుగేళ్లవాణ్ణి, అరవై దగ్గరపడిన మా అక్క, ఇద్దరం ఊపిరి బిగబట్టి ఒక్క మాట లేకుండా అలా పెనుగులాడాం. ఎవరైనా చూస్తే నవ్వేవాళ్లు.

"చాలు," అన్నాడు బావ గుమ్మంలోంచి.

ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో. మొహం కడుక్కున్నాడు, తల దువ్వుకున్నాడు, ఉతికిన చొక్కా వేసుకున్నాడు.

"వీణ్ణి దించండి," అంది అక్క.

బావ రెక్క ఎక్కాడు. నా భుజం మీంచి వంగి ఆ చుక్కను చూశాడు. పదకొండేళ్లుగా ఆయన కళ్ల ముందే ఉంది కానీ, ఆ రోజే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. చూపుడు వేలు మర దాకా పోయింది. నేను చెయ్యి తీయలేదు. ఆయన వేలు నా చేతికి తగిలి ఆగింది.

"ఆ సీసా ఇటివ్వు," అన్నాడు అక్కతో.

ఆమె ఇచ్చింది. ఆయన మూత అడిగి తీసుకుని, గట్టిగా బిగించి, చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఆయన వచ్చాక నేనేం చెబుతానో నాకే తెలీదు," అన్నాడు. "అది మాత్రం అక్కడే ఉండనీ."

అక్క పనిముట్ల పెట్టె మీదే కూలబడింది. ఏడవలేదు. దూదిని ముక్కలు ముక్కలుగా తుంచుతూ కూర్చుంది. కాసేపటికి, "ఆ ఉతికిన చొక్కాకు ఒక గుండీ లేదు," అంది. "వాళ్ల ముందు అలాగే నిలబడతారా?" లేచి ఇంట్లోకెళ్లి సూదీ దారం తెచ్చి, మనిషి ఒంటి మీద ఉండగానే కుట్టేసింది.

నాలుగింటికి అయిదు నిమిషాలుండగా బూడిదరంగు కారు వచ్చింది. విచారణాధికారి కనుబొమలు తెల్లబడ్డ పెద్దాయన. ఆయన వెంట మెడలో కెమెరా వేసుకున్న అమ్మాయి ఒకతె. పెద్దాయన కూర్చోలేదు, టీ వద్దన్నాడు. నన్ను విమానంలోంచి దిగమన్నాడు. ఎందుకు కూర్చున్నావని అడిగాడు. కాపలా అన్నాను. ఎవరి నుంచి అని అడగలేదు. నేల మీద పడిన దూది ముక్కలు చూశాడు, అక్కను చూశాడు.

తర్వాత బావ వైపు తిరిగి కాగితాల అట్ట తెరిచాడు.

"టేపులో మీ జవాబు లేదు. టవరు ఎత్తు చెప్పడం మీకు వినపడిందా? వినపడకపోతే అదే చెప్పండి, అలాగే రాసుకుంటాను."

బావ జేబులోని సీసాను ఒకసారి తడుముకున్నాడు. అక్క కొత్తగా కుట్టిన గుండీ వైపే చూస్తోంది.

"వినపడింది," అన్నాడు. "పదిహేను వందలు అంది. నేనూ పదిహేను వందలు అన్నాను. గాలి అంకె చెప్పింది, దాన్నీ అప్పజెప్పాను. కానీ మర తిప్పలేదు. తిప్పాలన్న ఆలోచనే రాలేదు. ఆ పిల్ల మళ్లీ అడిగినా నేను పదిహేను వందలే అనేవాణ్ణి. ముల్లు అదే చూపించింది మరి. తొమ్మిది వందలు తేడా మా దగ్గర ఉంది, టవరులో లేదు."

పెద్దాయన రాసుకున్నాడు. నింపాదిగా, ఒక్క మాట వదలకుండా. తర్వాత రెక్క ఎక్కి, టార్చి వేసి, చుక్కను చూశాడు.

"ఇది ఎవరి పద్ధతి?"

"నాది," అన్నాను.

"ఎక్కడ నేర్చుకున్నారు?"

"ఎక్కడా లేదండి. మాదే."

"ఎన్నాళ్లుగా?"

"పదకొండేళ్లు."

ఆయన టార్చి ఆర్పాడు. "పదకొండేళ్లూ బాగా పనిచేసి ఉంటుంది," అన్నాడు. "అదే దీనితో వచ్చిన చిక్కు."

కెమెరా అమ్మాయి ముల్లును, చుక్కను ఫొటో తీసింది. దిగి, ఎవరూ చెప్పకుండానే గోడ మీది తొమ్మిది వందల అంకెను కూడా తీసింది. నా చొక్కా అడ్డంగా ఉంటే తనే పక్కకు జరిపింది.

"ఆ రంగు సీసా కావాలి," అన్నాడు పెద్దాయన.

అక్క లోపలికెళ్లి తెచ్చింది. "నిన్ననే కొన్నది. మళ్లీ ఇస్తారా?"

"రసీదు ఇస్తామమ్మా."

"రసీదుతో గోళ్లు ఎర్రబడతాయా?" అంది. అన్నాక తనే తల వంచుకుంది.

బావ లైసెన్సు జేబులోంచి తీసి ఇచ్చాడు. ఇన్నేళ్ల చెమటకు అట్ట వంగిపోయి, ఆయన ఛాతీ ఎటు వంపు తిరిగిందో ఆ వంపే తిరిగి ఉంది. ఆరు నెలలు ఎగరకూడదు. ఆ తర్వాత మళ్లీ పరీక్ష, ముందు డాక్టరు ఒప్పుకోవాలి. నా కార్డు ఏడాది నిలిపేశారు.

"ఆ అమ్మాయి?" అన్నాడు బావ, కారు దాకా వెళ్లి.

"మళ్లీ అడగనందుకు మందలింపు ఉంటుంది," అన్నాడు పెద్దాయన. "మిగతాది ఈ కాగితం చూశాక." తలుపు వేసుకున్నాడు.

అక్క నాతో తొమ్మిది రోజులు మాట్లాడలేదు. అన్నం మాత్రం వేళకు పెట్టింది, కంచం నా ముందు పెట్టేటప్పుడు గోడ వైపు చూస్తూ. పదో రోజున, "ఉప్పు సరిపోయిందా?" అని గోడనే అడిగింది. సరిపోయిందని నేనూ గోడకే చెప్పాను.

బావ వర్క్‌షాపువాళ్ల నుంచి పరీక్ష పుస్తకాలు తెప్పించుకున్నాడు. ఇటుకలంత లావున్నవి మూడు. మొదట్లో ఇంట్లో కూర్చుని చదివితే పేజీకో కునుకు పట్టేది. పుస్తకం తీసుకుని విమానం సీట్లోకి మకాం మార్చాడు. అక్కడ నిద్ర రాదట. పొద్దున్నే ఎక్కి కూర్చుంటాడు, ఎండ రేకులకు తగిలే దాకా దిగడు. డాక్టరు చెప్పాడని పొగాకు మానేశాడు. ఆ మానడం మాకే ఎక్కువ కష్టమైంది.

పన్నెండో రోజు పొద్దున షెడ్డు తలుపు తీశాను. చెయ్యి అలవాటుగా జేబులో రంగు సీసా కోసం వెతికింది. లేదు. బావ అప్పటికే సీట్లో ఉన్నాడు, ముక్కు మీద కళ్లద్దాలు, మోకాళ్ల మీద పుస్తకం. నేను రేడియో పెట్టి, చేయడానికేమీ లేక, ఎప్పుడో కడిగిన గొట్టాల మూతులనే మళ్లీ కడగడానికి కూర్చున్నాను.

"గాలి అంకె పది పదకొండు," అంది రేడియో.

ఆమె గొంతే. ఇంకెవరికో చెబుతోంది. వాళ్లు తిరిగి అప్పజెప్పారు. "ఎత్తు మళ్లీ చెప్పండి," అంది. చెప్పారు. "ఇంకోసారి చెప్పండి," అంది.

బావ పుస్తకం మూశాడు. రేడియో వైపు చూడలేదు. విచారణవాళ్లు చుక్క గీకి తీసుకుపోయిన మరను చెయ్యి చాచి పట్టుకుని, తాళం తీసేవాడిలా మెల్లగా తిప్పాడు. నేను మూతి చేతిలో పట్టుకుని లేచి నిలబడ్డాను. ముల్లు సున్నా దగ్గర నుంచి లేచి, వంద దాటి, అయిదు వందలు దాటి, తొమ్మిది వందల దగ్గర నిలిచింది. బావ తల తిప్పి గోడ మీది అంకె చూశాడు. మళ్లీ ముల్లు చూశాడు.

"పది పదకొండు," అన్నాడు, వినేవాళ్లు ఎవరూ లేకపోయినా. "తొమ్మిది వందలు."

గుమ్మంలో అక్క టీ గ్లాసులతో నిలబడి ఉంది. మూడు గ్లాసులు.

"నేల మీద కూర్చుని తొమ్మిది వందల అడుగులట," అంది నాతో. "దిగమను మీ బావను. చల్లారిపోతోంది."

"ఉండవే," అన్నాడు బావ. మరను వెనక్కి తిప్పి ముల్లును మళ్లీ సున్నాకు తెచ్చి, కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. "ఇంకో అంకె రానీ."